మెడికల్ ఫీల్డ్ క్యాంపులో మొదటిసారి ర్యాపెలింగ్ చేస్తున్నారా? తాడు కట్టుకోవడం నుంచి పేషెంట్ దగ్గరికి చేరేదాకా

"అన్నా, క్యాంపులో ర్యాపెలింగ్ పెట్టారంట, నేను నర్సింగ్ చేసినోడిని, నాకు తాళ్ళ మీద వేలాడే పనేంటి?" క్యాంపు లిస్టు బయటికి రాగానే ప్రతి ఏడూ నాకు వచ్చే మెసేజ్ ఇదే. టెరిటోరియల్ ఆర్మీలో కొత్తగా చేరినవాళ్ళు, ఎన్‌సీసీ పిల్లలు, మెడికల్ వైపు నుంచి క్యాంపుకి వస్తున్న సిస్టర్లు, అందరిదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టి పెట్టి ఇక రాసేద్దామని కూర్చున్నా.

ర్యాపెలింగ్ అంటే ఒంటికి తాడు తగిలించుకుని నిటారు రాయి మీంచో గోడ మీంచో కిందికి దిగడం. దాంతో మనకి పనేంటంటే, దెబ్బ తగిలినోడు ఎప్పుడూ అంబులెన్స్ ఆగే చోటే పడడు కదా. గుట్ట మీంచి జారి మధ్యలో ఇరుక్కుంటాడు, పాత బావిలో పడతాడు, కూలిన బిల్డింగ్ అడుగున ఉంటాడు. అక్కడికి మీరు దిగలేకపోతే మీ చేతిలో ఉన్న విద్య వాడికి అందదు. అందుకే ఫీల్డ్ ఎక్సర్‌సైజ్‌లో కుట్లు, కట్లు, స్ట్రెచర్‌తో పాటు తాడు కూడా పెడతారు.

ఇంకో మాట. 1949 అక్టోబర్ 9న రాజాజీ గారు టెరిటోరియల్ ఆర్మీని ప్రారంభించినప్పటి నుంచీ దీని పద్ధతి ఒకటే, మామూలు రోజుల్లో మన ఉద్యోగం మనది, ఏడాదిలో కొన్నాళ్ళు యూనిఫాం. నేనూ అంతే, మిగతా రోజులన్నీ వార్డులోనే. అంటే రెగ్యులర్ జవాన్ లాగా మన చేతులకి తాడు రోజూ తగలదు, పోయినేడు నేర్చుకున్న ముడి ఈ ఏడు వేళ్ళకి గుర్తుండదు, గుర్తుందని మనసు మాత్రం అనుకుంటుంది. మనలాంటోళ్ళకి ప్రమాదం అక్కడే ఉంది. అందుకే కింద ఎలా దిగాలన్నదాని కంటే ఎలా చెక్ చేసుకోవాలన్నదే ఎక్కువ రాశా.

ఇది చదివి ఇంటి దగ్గర గుట్టకి తాడు కట్టొద్దు, దయచేసి. ఉస్తాద్ (నేర్పించే ఇన్‌స్ట్రక్టర్) పక్కన ఉన్నప్పుడే, ఆయన కట్టిన యాంకర్ (తాడుని పైన బిగించే ఆధారం) మీదే. ఆయన చెప్పింది, నేను రాసింది వేరుగా ఉంటే ఆయన మాటే వినండి.

ఏమేం కావాలి

తాడు, హార్నెస్, హెల్మెట్ క్యాంపులోనే ఇస్తారు. అయినా ఏది ఎలా ఉండాలో మీకు తెలియాలి, ఎందుకంటే దాని మీద వేలాడేది మీరు.

- స్టాటిక్ రోప్, 10.5 లేదా 11 మిల్లీమీటర్లది. సాగే డైనమిక్ రోప్ ఎక్కేవాళ్ళకి, దిగడానికీ స్ట్రెచర్ దించడానికీ సాగనిదే కావాలి.
- సిట్ హార్నెస్ (నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీల సెట్టు), గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్. బైక్ హెల్మెట్ పనికిరాదు, అందులోంచి పైకీ కిందికీ సరిగా కనపడదు.
- స్క్రూ లాక్ ఉన్న కారబైనర్ (గేటులా తెరుచుకునే లోహపు కొక్కెం) రెండు, ఫిగర్ ఎయిట్ (8 అంకె ఆకారంలో ఉండే, తాడుని ఒరిపించి వేగం ఆపే లోహపు రింగు) ఒకటి.
- ప్రూసిక్ (బరువు పడితే తాడుని బిగించి పట్టుకునే ముడి) కట్టడానికి 6 మిల్లీమీటర్ల సన్న తాడు ముక్క.
- లెదర్ గ్లవ్స్. నూలువి వద్దు, వేడి ఆపవు. జేబులో ఒక జత నైట్రైల్ గ్లవ్స్ విడిగా పెట్టుకోండి, కింద దిగాక పేషెంట్‌ని ముట్టుకునేది వాటితోనే. దీన్ని మొదటిసారి అందరూ మర్చిపోతారు.
- ఫుల్ ప్యాంటు, టక్ చేసిన షర్టు, చీలమండ దాకా వచ్చే బూట్లు.
- నీళ్ళు, ఓఆర్ఎస్. మన ఎండల సంగతి మీకు తెలిసిందే.

ఉంగరం, గొలుసు, వాచీ, చున్నీ, మెడలో ఐడీ కార్డు తాడు అన్నీ తీసేసి బ్యాగ్‌లో పెట్టేయండి. పెళ్ళి ఉంగరం తీయనని కొందరు పట్టుబడతారు. నైలాన్ తాడుకీ ఇనుముకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వేలు తోలు ఎలా లేస్తుందో క్యాజువాలిటీలో పని చేసినోళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

స్టెప్పులు

1. ముందు రోజే ఒంటి సంగతి చెప్పేయండి. భుజం ఒకసారి జారిందా, ఫిట్స్ ఉన్నాయా, బీపీ మందులు వాడుతున్నారా, ప్రెగ్నెన్సీనా, మెడికల్ ఆఫీసర్‌కి చెప్పండి. సిగ్గుపడి దాచినోళ్ళే పైన అంచు దగ్గర కళ్ళు తిరిగి కూర్చుంటారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో రావద్దు, అలాగని పూరీలు లాగించి కూడా రావద్దు, హార్నెస్ నడుముని నొక్కుతుంది. రెండు ఇడ్లీ, ఒక అరటిపండు చాలు.

2. రాయిని, వాతావరణాన్ని చూడండి. మన దగ్గర టవర్ మీద అయ్యాక గుట్టకి తీసుకెళ్తారు, ఎక్కువగా భువనగిరి. హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల దూరం, ఒకే ఏకశిల గుట్ట, మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కే ముందు రాయి పట్టడం నేర్చుకుంది కూడా అక్కడే. మన గ్రానైట్ ఎండినప్పుడు బూటుని బాగా పట్టుకుంటుంది, వాన పడి నాచు ఉంటే మాత్రం సబ్బు రాసినట్టే. ఎండాకాలం పది దాటితే రాయి కాలుతుంది, అందుకే తెల్లారగానే మొదలెట్టాలి.

ఇంకోటి, తేనెతుట్టెలు. మన గుట్టల్లో రాయి కింది అంచులకి పెద్ద పెద్ద తుట్టెలు వేలాడుతుంటాయి. దిగే లైన్‌కి దగ్గర్లో తుట్టె కనిపిస్తే ఆ లైన్ వద్దని చెప్పడానికి మొహమాటపడొద్దు. సెంటు కొట్టుకుని రావద్దు, చుట్టుపక్కల పొగ పెట్టొద్దు, అరుపులు కేకలు వద్దు. తాడు మీద ఉన్నోడికి ఈగలు లేస్తే పారిపోయే దారి ఉండదు.

3. తాడుని చేత్తో చదవండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ళ మధ్య పోనివ్వండి, చూస్తూ కాదు, తడుముతూ. ఎక్కడైనా చప్పగా మెత్తబడిందా, గట్టిగా పుల్లలా అయిందా, పై తొడుగు చిట్లి లోపలి తెల్ల దారాలు కనిపిస్తున్నాయా, మెరిసిపోతూ గాజులా తగులుతుందా? మెరిసిందంటే ఎవరో మీకు ముందు సర్రున జారి వేడికి తాడుని కరిగించారని. ఇందులో ఏది తగిలినా ఉస్తాద్‌ని పిలవండి. తాడుని తొక్కొద్దు, బూటు కింద ఇసుక రేణువు లోపలికి దిగి తర్వాత కత్తిలా కోస్తుంది. తాడు కింది చివర నేలకి తాకుతుందో లేదో చూడండి, చివర ముడి ఉందో లేదో కూడా. తాడు పొట్టిదై, చివర ముడి లేక జారిపోయిన ప్రమాదాలు ప్రపంచమంతా అనుభవం ఉన్నోళ్ళకే జరిగాయి.

4. హార్నెస్ వేసుకోండి. నడుము పట్టీ తుంటి ఎముక పైన ఉండాలి, బొడ్డు కింద కాదు. బిగించాక నాలుగు వేళ్ళు పడుకోబెట్టి దూర్చితే దూరాలి, పిడికిలి తిప్పితే తిరగకూడదు. బకిల్‌లోంచి పట్టీని వెనక్కి మళ్ళీ దూర్చాలి, తోక కనీసం 3 అంగుళాలు మిగలాలి. కొత్త హార్నెస్‌లకి తనంతట తనే పట్టుకునే బకిల్ ఉంటుంది, అది వేరే, మీది ఏదో అడిగి తెలుసుకోండి. హార్నెస్ లేని చోట తాడుతోనే నడుముకీ తొడలకీ సీటు కట్టడం కూడా నేర్పిస్తారు, ఎమర్జెన్సీకి అది వచ్చి ఉండాలి కానీ మొదటి దిగుడుకి హార్నెస్సే మేలు.

5. ఫిగర్ ఎయిట్‌లో తాడు ఎక్కించండి. తాడుని మడత పెట్టి పెద్ద రింగులోంచి దూర్చి, ఆ మడతని చిన్న రింగు మీదుగా మెడలోకి దించండి. చిన్న రింగుని కారబైనర్‌తో హార్నెస్ బిలే లూప్‌కి (ముందు వైపు ఉండే గట్టి పట్టీ రింగు) తగిలించండి. లాక్ స్క్రూ తిప్పండి. కుడిచేతి వాటం అయితే కిందికి పోయే తాడు కుడి వైపు నుంచి రావాలి. పైకి పోయేది యాంకర్ వైపు, కిందికి పోయేది బ్రేక్, ఈ రెండూ తారుమారైతే బ్రేక్ చెయ్యే ఉండదు.

ఇప్పుడు కారబైనర్ గేటుని వేళ్ళతో నొక్కండి. తెరుచుకోకూడదు. ఇక్కడ నా సంగతి చెప్పాలి. నా మూడో క్యాంపులో అంచు మీద నిలబడి, అంతా చేశానన్న ధైర్యంతో వెనక్కి వాలబోతుంటే నా బడ్డీ (జోడీగా ఉండే తోటివాడు) చెయ్యి పెట్టి గేటు నొక్కాడు, అది లోపలికి పోయింది. స్క్రూ తిప్పడం మర్చిపోయా. ఏమీ జరగలేదు, కానీ ఆ గేటు టిక్కుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంటుంది. అప్పటి నుంచి ఎవరు పక్కన ఉన్నా గేటు నొక్కకుండా పంపించను.

6. బ్యాకప్ ఉందా? మొదటిసారి దిగేవాళ్ళకి మూడు దారుల్లో ఒకటైనా ఉండాలి. పై నుంచి ఉస్తాద్ పట్టుకునే వేరే బిలే తాడు (పడకుండా ఆపేది), ఇది అన్నిటికన్నా మంచిది. లేదంటే కింద ఒకరు నిలబడి బ్రేక్ తాడు చివర పట్టుకోవడం, మీరు పట్టు జారితే వాళ్ళు తాడుని గట్టిగా లాగితే చాలు, మీరు ఆగిపోతారు. మూడోది, ఎయిట్ కింద బ్రేక్ తాడుకి ప్రూసిక్ చుట్టి హార్నెస్ కాలి లూప్‌కి తగిలించడం. ప్రూసిక్‌లో అందరూ చేసే తప్పు పొడుగు ఎక్కువ పెట్టడం, అది పైకి జరిగి ఎయిట్‌ని తాకిందంటే ఇక పట్టదు. నేల మీదే బరువు వేసి చూడండి, పట్టాలి, ఎయిట్‌కి అందకూడదు.

కింద పట్టుకునే డ్యూటీ మీకు పడితే ఫోన్ జేబులోంచి తీయొద్దు, తల పైకే ఉండాలి. సరిగ్గా తాడు కిందే నిలబడొద్దు, రాళ్ళు పడతాయి.

7. బడ్డీ చెక్. ఇది దాటేయడానికి వీల్లేదు. హెల్మెట్ పట్టీ, జుట్టు, షర్టు, నడుము బకిల్, కాలి బకిల్స్, కారబైనర్ గేటు, ఎయిట్‌లో తాడు, బ్యాకప్, గ్లవ్స్, పై నుంచి కిందికి ఒకే వరసలో. కళ్ళతో చూసి తలూపితే చెక్ చేసినట్టు కాదు, చేత్తో ముట్టుకుని నోటితో పేరు చెప్పాలి. వార్డులో ఇంజెక్షన్ ముందు పేషెంట్ పేరు, మందు పేరు రెండుసార్లు చదవడం మనకి అలవాటే కదా, అదే ఇక్కడ కూడా. పేషెంట్ మీరే.

8. అంచు దాటడం. అసలు కష్టం ఇదే, మిగతాదంతా నడకే. అంచు మీద నిలబడి వెన్ను లోయ వైపు పెట్టాక ఒళ్ళు వద్దు వద్దు అని ముందుకి వంగుతుంది. ముందుకి వంగితే కాళ్ళు జారి మోకాళ్ళు, మొహం రాయికి కొట్టుకుంటాయి. వెనక్కి వాలితేనే కాలు పట్టు దొరుకుతుంది, మనసుకి తలకిందుగా అనిపిస్తుంది కానీ నిజం అదే. కాళ్ళు భుజాల వెడల్పులో పెట్టి, పాదం మొత్తం రాయికి ఆనించి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుముని వెనక్కి దించండి. తాడు బరువు తీసుకోగానే హార్నెస్ బిగుస్తుంది, ఆ క్షణం భయం వేస్తుంది, ఒక్క ఊపిరి తీసుకుని ఆగండి. వంగి కిందికి చూడాలనిపిస్తే బ్రేక్ చెయ్యి వైపు నుంచి భుజం మీదుగా చూడండి.

ఒకరు పది నిమిషాలు అంచు మీదే నిలబడిపోతే వెనకున్నోళ్ళు నవ్వొద్దు, తోయొద్దు. పక్కకి తీసుకొచ్చి తక్కువ ఎత్తు మీద రెండుసార్లు చేయించి మళ్ళీ పంపండి, వస్తారు.

9. దిగడం. బ్రేక్ చెయ్యి తుంటి పక్కన, ఎప్పటికీ తాడు మీదే. రెండో చెయ్యి పై తాడు మీద ఊరికే బ్యాలెన్స్‌కి, దాంతో వేలాడొద్దు, కొత్తవాళ్ళు అందరూ దాన్నే గట్టిగా పట్టుకుని ముంజేయి నొప్పి తెచ్చుకుంటారు. బ్రేక్ చెయ్యి తుంటి వెనక్కి పోతే ఆగుతారు, కాస్త ముందుకి వదిలితే జారుతారు. చేద బావిలో నీళ్ళు తోడినోళ్ళకి తెలుస్తుంది, నిండు బొక్కెన ఒక్కసారి జారితే చేంతాడు అరచేతిని ఎలా కాల్చేస్తుందో. ఇక్కడ బొక్కెన బదులు మీరున్నారు.

నడవండి, దూకొద్దు. రీల్స్‌లో చూసి రాయిని తన్ని ఎగురుతూ దిగాలని కుర్రాళ్ళకి ఉబలాటం. ఎగిరిన ప్రతిసారీ యాంకర్ మీద మీ బరువుకి మించి కుదుపు పడుతుంది, తాడు రాతి అంచుకి ఒరుసుకుంటుంది, ఎయిట్ వేడెక్కుతుంది. పైగా మీ వీపున మందులున్నాయి. 10 మీటర్లు దిగడానికి అర నిమిషం పైనే పట్టనివ్వండి.

10. మధ్యలో ఆగి చేతులు ఖాళీ చేసుకోవడం. మెడికల్ వాళ్ళకి ఇది రాకపోతే ర్యాపెలింగ్ వచ్చినట్టే కాదు, ఎందుకంటే పేషెంట్ మధ్యలో గట్టు మీద ఉంటే మీకు రెండు చేతులూ కావాలి. బ్రేక్ తాడుని వదలకుండా పైకి తెచ్చి, ఎయిట్ పెద్ద రింగుకీ బిగిసి ఉన్న పై తాడుకీ మధ్యకి పోనిచ్చి గట్టిగా కిందికి లాగితే అది నొక్కుకుపోతుంది. ఇంకోసారి అలాగే చేసి, మిగిలిన తాడుతో ముడి వేయండి. మొదట నేల మీద ఇరవైసార్లు, తర్వాత రెండడుగుల ఎత్తులో, తర్వాతే గుట్ట మీద. తొందరలో అయితే తాడుని తొడకి మూడు చుట్లు చుట్టినా ఆగుతారు, కానీ అది నిమిషం రెండు నిమిషాల పనికే.

11. మెడికల్ బ్యాగ్. 10, 12 కిలోల బ్యాగ్ వీపున వేసుకుని వెనక్కి వాలితే అది మిమ్మల్ని తలకిందులు చేస్తుంది. బరువు బ్యాగ్‌ని స్లింగ్‌తో హార్నెస్‌కి కట్టి కాళ్ళ కింద వేలాడనివ్వండి, లేదా మీరు దిగాక వేరే తాడుతో దింపించుకోండి. టోర్నికే (రక్తం ఆపడానికి చెయ్యికో కాలికో బిగించే పట్టీ), ప్రెజర్ బ్యాండేజ్, కత్తెర మాత్రం నడుము పౌచ్‌లో, ఎడమ చేత్తో అందేలా. గాజు వయల్స్ గుడ్డలో చుట్టాలి.

12. కింద. మోకాళ్ళు కొంచెం వంచి దిగండి, తాడు తీసి, ఆ లైన్ కింద నుంచి పక్కకి వచ్చాక గట్టిగా చెప్పండి తాడు ఖాళీ అని. చాలామంది దిగిన ఆనందంలో అక్కడే నిలబడి ఫొటోకి పోజు ఇస్తారు, పై నుంచి రెండోవాడి బూటు కింద రాయి ఊడితే వీళ్ళ నెత్తినే.

పేషెంట్ దగ్గర

పరిగెత్తకండి, ముందు పైకి చూడండి, ఏమైనా పడేలా ఉందా అని. గ్లవ్స్ మార్చండి. ధారగా కారే రక్తం మొదటి పని, నొక్కి పట్టండి, చెయ్యి కాలు నుంచి ఆగకపోతే గాయానికి 2, 3 అంగుళాల పైన టోర్నికే, కీలు మీద వేయొద్దు, వేసిన టైం రాయండి. తర్వాత శ్వాస దారి, ఊపిరి, తర్వాత మిగతావి. క్యాంపులో ప్రాక్టీస్ టోర్నికేలు వేరే, అసలువి వేరే పెట్టండి, మళ్ళీ మళ్ళీ తిప్పినవి అసలు టైంలో విరుగుతాయి.

స్ట్రెచర్ మీద దించేటప్పుడు తల పై వైపు. పట్టీ మెడ మీద రాకూడదు. పేషెంట్‌కి కూడా హెల్మెట్, కళ్ళకి కవర్, ఎందుకంటే వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేడు. స్ట్రెచర్ తాడు కాకుండా పేషెంట్ హార్నెస్‌కి ఇంకో తాడు విడిగా ఉండాలి. పట్టీలు సరిగా ఉన్నాయా అని చూడటానికి, పట్టీ కింద మీ అరచెయ్యి దూరాలి, పేషెంట్ చేతి వేలి గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే బిగించింది ఎక్కువైంది, లేదా వాడు షాక్‌లోకి పోతున్నాడు, రెండూ చూడాలి.

ఎక్సర్‌సైజ్‌లో నిజంగానే ఎవరికైనా దెబ్బ తగిలితే ఆట ఆపేసి అందరికీ వినపడేలా చెప్పండి ఇది నిజం అని. అంబులెన్స్ డ్యూటీలో ఉందో లేదో పొద్దున్నే చూసుకోండి, లేకుంటే 108.

ఎక్కువగా జరిగే తప్పు: జుట్టు

దీనికి విడిగా రాస్తున్నా. ఒక క్యాంపులో మా టీంలో సిస్టర్ జడ హెల్మెట్ కిందే ఉంది, కానీ చెవి పక్క పాయ ఒకటి జారింది. అంచు దాటి 12 అడుగులు దిగి కిందికి చూడ్డానికి తల వంచింది, ఆ పాయ ఎయిట్‌లోకి పోయింది. తాడు ఇంకో అంగుళం జరిగేసరికి తల మొత్తం ఎయిట్‌కి ఆనుకుపోయింది. అరవకుండా బ్రేక్ పట్టుకుని ఆగింది, అదే ఆమెని కాపాడింది. కింద నుంచి ఒకరు కత్తితో జుట్టు కోసేయమని అరుస్తున్నారు, ఉస్తాద్ వద్దన్నాడు. బరువు మీద బిగిసిన తాడుకి కత్తి మొన తగిలితే చాలు, కొబ్బరిపీచులా తెగిపోతుంది. ఆయన పక్క తాడు మీద దిగి, పై తాడుకి ప్రూసిక్ వేసి దానికి కాలి లూప్ కట్టి ఆమెని అందులో నిలబడమన్నాడు. నిలబడగానే ఎయిట్ మీద బరువు పోయి జుట్టు బయటికి వచ్చింది. 20 నిమిషాలు పట్టింది. జుట్టు గట్టిగా అల్లి, షర్టు లోపలికి పెట్టి, పైన క్యాప్ వేసి అప్పుడు హెల్మెట్. గడ్డం పొడుగున్న అన్నలకి కూడా ఇదే మాట.

ఆ కాలి లూప్ ఇంకో పని కూడా చేసింది. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే రక్తం కాళ్ళల్లో నిలిచిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. ఇరుక్కుంటే కాళ్ళు ఆడిస్తూ ఉండండి, రాయిని తన్నుతూ ఉండండి. అలా స్పృహ తప్పినోడిని దించాక కూర్చోబెట్టాలని పాత పాఠాల్లో ఉండేది, ఇప్పుడు ఆ మాట తీసేశారు, మామూలుగానే వెల్లకిలా పడుకోబెట్టి శ్వాస దారి చూడాలి. మీ సీనియర్ పాతది చెప్తే గౌరవంగానే సరిచేయండి.

సరిగ్గా చేశారా లేదా ఎలా తెలుస్తుంది

దిగగానే గ్లవ్ తీసి అరచెయ్యి చూడండి, వెచ్చగా ఉంటే పర్లేదు, మంట పుడితే వేగం ఎక్కువైంది. ఎయిట్‌ని వేలితో తాకి చూడండి, వేలు పెట్టి ఉంచలేకపోతే అదే జవాబు. మోకాళ్ళ దగ్గర ప్యాంటు గీసుకుపోతే ముందుకి వంగారు. పై చేతి ముంజేయి నొప్పెడితే దాంతో వేలాడారు. బడ్డీని అడగండి నా బ్రేక్ చెయ్యి ఒక్కసారైనా తాడు వదిలిందా అని, గ్లవ్ సర్దుకోవడానికైనా సరే, వదిలింది అంటే ఆ దిగుడు లెక్కలోకి రాదు, మళ్ళీ చేయండి.

రెండోసారి దిగినప్పుడు మధ్యలో లాక్ చేసి, జేబులోంచి బ్యాండేజ్ తీసి మీ మోకాలికే చుట్టి, లాక్ విప్పి కిందికి రండి. కింద పడకుండా బ్యాండేజ్ చుట్టగలిగితే మూడోసారి ఉస్తాద్ మీకు స్ట్రెచర్ పక్కన చోటు ఇస్తాడు. వెళ్ళేముందు తాడుని చుట్టేవాళ్ళకి సాయం చేయండి, చుడుతూ మళ్ళీ ఒకసారి తడమండి, రేపు పొద్దున దాని మీద దిగేది ఇంకొకరు.